అవయవాల కొరతకు పరిష్కారం పంది అండకణంతో మొదలవుతుందా?

దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో పెద్ద ఆసుపత్రులు కిడ్నీ, కాలేయ మార్పిడి శస్త్రచికిత్సలకు పేరొందాయి. అక్కడ నిపుణులకు కొదవ లేదు, కొరతంతా అవయవాలకే. 2023లో దేశవ్యాప్తంగా 18,000కు పైగా అవయవ మార్పిడులు జరిగాయి. వాటిలో అయిదింట నాలుగు వంతులకు పైగా అవయవాలు బతికి ఉన్న దాతలు, అంటే ప్రధానంగా రోగుల బంధువులు ఇచ్చినవే. తెలుగు రాష్ట్రాల్లో 2013 నుంచి జీవన్‌దాన్ పథకం మరణానంతర దానాలను ప్రోత్సహిస్తున్నా, అవసరానికీ లభ్యతకూ మధ్య అంతరం తొలగలేదు.

ఈ అంతరాన్ని పూడ్చగలవని శాస్త్రవేత్తలు భావిస్తున్నవి జన్యు మార్పిడి చేసిన పందుల అవయవాలు. 2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు 10 జన్యు మార్పులు చేసిన పంది గుండెను ఒక రోగికి అమర్చారు. ఆయన సుమారు రెండు నెలలు జీవించారు. 2024 మార్చిలో బోస్టన్‌లో 69 మార్పులు చేసిన పంది కిడ్నీని మరో రోగికి అమర్చారు. శస్త్రచికిత్సలు వార్తల్లోకి వచ్చాయి గానీ, ఆ పందిని పుట్టించడం ఎంత కష్టమో అంతగా చర్చకు రాలేదు.

అడ్డంకి ఎక్కడుంది?

మొదట పంది కణంలో జన్యువులను మారుస్తారు. కేంద్రకం తొలగించిన, పరిపక్వమైన అండకణంలో ఆ కణాన్ని ప్రవేశపెడతారు. ఏర్పడిన పిండాన్ని మరో ఆడపంది గర్భంలోకి పంపుతారు. వందకు పైగా పిండాలు పంపినా కొద్ది పిల్లలే పుట్టడం సాధారణం.

ఈ అండకణాలు ఎక్కువగా కబేళాల్లో వధించిన, ఇంకా ఎదకు రాని ఆడపందుల అండాశయాల నుంచి వస్తాయి. ప్రయోగశాలలో పోషక ద్రావణంలో 40 గంటలకు పైగా ఉంచి వాటిని పరిపక్వం చేస్తారు. సమస్య ఇక్కడే తలెత్తుతుంది. కేంద్రకం పైకి సిద్ధమైనట్లు కనిపించినా, పిండాన్ని పోషించవలసిన కణద్రవ్యం వెనుకబడుతుంది. తల్లి శరీరంలో అండం చుట్టూ ఉండే కణాలు అందించే సంకేతాలు గాజు పాత్రలో కొరవడటమే ఇందుకు ఒక కారణం.

2017లో మిస్సోరి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎఫ్‌జీఎఫ్-2, ఎల్‌ఐఎఫ్, ఐజీఎఫ్-1 అనే మూడు ప్రోటీన్లను కలిపి ద్రావణానికి చేర్చారు. కేంద్రక మార్పిడితో ఏర్పడే తొలి దశ పిండాల దిగుబడి రెట్టింపైంది, పుట్టిన పిల్లల సంఖ్య నాలుగు రెట్లయింది. జన్యువులను ముట్టుకోకుండా, అండం పండే పరిసరాన్ని సరిదిద్దినందుకే ఇంతటి ఫలితం వచ్చింది.

భారత్ ముందున్న ప్రశ్న

1997లో గువాహటిలో డాక్టర్ ధనీరామ్ బరువా పంది గుండెను ఒక రోగికి అమర్చారు. రోగి వారం రోజులకు మరణించగా, వైద్యుడు 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద అరెస్టయి 40 రోజులు జైలులో గడిపారు. ఆ చట్టం మానవ అవయవాలను దృష్టిలో ఉంచుకొని రూపొందినది.

శాస్త్ర పునాది మాత్రం దేశంలో లేకపోలేదు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2009లోనే గేదె దూడను క్లోనింగ్ ద్వారా పుట్టించింది. గువాహటి సమీపంలోని రాణిలో జాతీయ పంది పరిశోధన కేంద్రం ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మేలైన సంకరజాతి పందిని రూపొందించింది. అయితే ఈ సంస్థల లక్ష్యం ప్రధానంగా పాడి, మాంసం, రైతు ఆదాయం. మార్పిడి వైద్యంతో వాటి పనిని అనుసంధానించవలసి ఉంది.

పంది అవయవం నుంచి మనిషికి సోకగల వైరస్‌లు, జంతు సంక్షేమం, మత విశ్వాసాలు, దీర్ఘకాలిక ఫలితాలు ఇంకా తేలవలసిన అంశాలే. అందువల్ల మరణానంతర దానాల ప్రాధాన్యం ఏమాత్రం తగ్గదు. కానీ ఈ వైద్యం నిలదొక్కుకున్న నాడు పందులను, వాటిని పుట్టించే పరిజ్ఞానాన్ని విదేశాల నుంచే కొనవలసివస్తే, ఆ అవయవం సాకేత్ ఆసుపత్రి గడప దాకా వచ్చినా సామాన్యునికి అందుబాటులో ఉండకపోవచ్చు. దానిని నివారించే సన్నాహం శస్త్రచికిత్స గదిలో కాక, అండకణాన్ని పండించే ప్రయోగశాలలో మొదలు కావలసి ఉంటుంది.