చేపల తొట్టిలో ఉప్పు

"రంగుచేపలు ఒకటొకటిగా చచ్చిపోతున్నాయి. నీళ్ళలో ఉప్పు వేయమంటున్నారు, వేయవచ్చా?" అని బెజవాడ నుంచి ఒక సోదరి రాశారు.

నేను మనుషుల డాక్టర్ని. అయినా ఈ జబ్బు నాకు పరిచయమే. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్ళి నీటిలో నైట్రైట్ చేరుతుంది. అది మొప్పలగుండా రక్తంలోకి పోయి హిమోగ్లోబిన్‌ని పాడుచేస్తుంది. రక్తం గోధుమరంగుకి తిరిగి, చేప ఊపిరాడక నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంది. నైట్రేట్లు ఎక్కువున్న బావినీళ్ళతో పాలపొడి కలిపి పట్టిన పసిబిడ్డ నీలంగా మారడమూ ఇలాంటిదే.

ఉప్పులోని క్లోరైడ్ ఆ నైట్రైట్‌ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. కొల్లేరు చుట్టుపక్కల చేపలచెరువుల్లోనూ ఉప్పు వాడతారు. ముందు మేత తగ్గించి, పావువంతు నీరు మార్చండి. తర్వాత 20 లీటర్ల తొట్టికి 20 గ్రాముల గల్లు ఉప్పు తూచి, విడిగా కరిగించి, రెండుమూడు విడతలుగా పోయండి. మొక్కలుంటే, పొలుసులేని చేపలుంటే వద్దు.

నీరు ఆవిరైనా ఉప్పు పోదు సుమా! మన ఎండలకి తగ్గిన నీటికి బదులు వట్టినీళ్ళే పోయాలి. పోసినప్పుడల్లా ఉప్పు వేశారో, చేపల్ని ఊరగాయ పెట్టినట్టే. కుళాయినీళ్ళలోని క్లోరిన్ మాత్రం వేరు, అది చేపకి విషం. ఒకరోజు మూతలేని బకెట్టులో నిలవబెట్టి వాడండి.