సొసైటీలకు కొత్త సాఫ్ట్‌వేర్.. పాత ఖాతాలే పరీక్ష

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. అప్పటి లక్ష్యం 63 వేల సంఘాలు, అంచనా వ్యయం రూ.2,516 కోట్లు. సంస్థ లెక్కలన్నీ ఒక్కచోట కలిపి నడిపే ఈఆర్‌పీ తరహా సాఫ్ట్‌వేర్‌ను నాబార్డు ఆధ్వర్యంలో దేశమంతటికీ ఒకటిగా నిర్దేశించారు. కనుక ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న సంఘాలకు రాలేదు. పాత లెక్కలు సరిచూసే భారం మాత్రం వాటిదే.

చేతిరాత పద్దుల్లో రుణాల లెడ్జరు వేరు, ఎరువుల నిల్వ పుస్తకం వేరు. కొత్త విధానంలో రైతుకు యూరియా బస్తా అప్పుగా ఇస్తే గోదాములో నిల్వ తగ్గడం, అతని బాకీ పెరగడం ఒకే నమోదుతో జరిగిపోవాలి. సౌకర్యమే. అయితే తొలిరోజు ఎక్కించిన నిల్వే తప్పయితే ఆ తప్పు కూడా అంతే వేగంగా అన్ని పద్దులకూ పాకుతుంది.

చిక్కంతా ఇక్కడే. మరణించిన సభ్యుని పేర నడుస్తున్న ఖాతా, రశీదు ఉండీ లెడ్జరుకెక్కని వాయిదా, ఒకే పేరున్న ఇద్దరి మధ్య తారుమారైన వాటాధనం.. వీటిని కంప్యూటరు పసిగట్టదు. ఆడిట్ అయిన తేదీ నాటి నిల్వను చీటీపై రాసి, సభ్యునికి చూపి, సంతకం తీసుకున్నాకే ఎక్కించడం మేలు. కొంతకాలం పుస్తకాలు, కంప్యూటరు రెండూ నడపాలి. రెట్టింపు చాకిరీ అని సిబ్బంది విసుక్కోవచ్చు. లేని బాకీ చూపి పంట రుణం ఆపితే రైతు పోగొట్టుకునేది ఒక సీజను.