ఈ నెల మాట: క్షయ

వెల్లింగ్టన్‌లో చలికాలం వచ్చేసింది. దక్షిణపు గాలి తలుపులు బాదుతోంది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. అందుకే ఈ నెల మాట ‘క్షయ’.

క్షయం అంటే కొంచెం కొంచెంగా తరిగిపోవడం. ఎంత వాడినా తరగనిది అక్షయం. అక్షయపాత్ర కథ మీరు వినే ఉంటారు. మనిషిని చిక్కిపోయేలా చేస్తుంది కాబట్టి ఈ జబ్బుకు క్షయ అని పేరు. ఇప్పుడు అందరూ టీబీ అంటున్నారు.

ఫిజీలో పుట్టిన పెద్దవాళ్లకు సువాలోని తమవువా ఆస్పత్రి గుర్తుంటుంది. ‘ఆయనను తమవువాకు పంపారు’ అని గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. మన ముత్తాతల్లో కొందరు చిత్తూరు వైపు నుంచి వచ్చారు కదా, అక్కడ మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆస్పత్రి తెరిచారు. అప్పటికి మందులు లేవు. మంచి గాలి, తిండి, విశ్రాంతే వైద్యం.

ఈ జబ్బు తెచ్చే క్రిమిని 1882లో రాబర్ట్ కోక్ కనిపెట్టాడు. రోగి దగ్గితే అది గాలిలో కలిసి మన ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అక్కడ కాపలా కాసే కణాలు ఉంటాయి. అవి క్రిమిని గుటుక్కున మింగి, ఒక సంచిలో పెడతాయి. ఇంకో సంచిలోని ఘాటైన రసాలు వచ్చి ఇందులో కలిస్తే మామూలు క్రిములు చస్తాయి.

క్షయ క్రిమి ఆ రెండు సంచులూ కలవకుండా అడ్డుపడుతుంది. పైగా దాని ఒంటికి మైనంలాంటి దట్టమైన పొర ఉంది. అందుకే తనను మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత ఉంది కదా!

అయినా ఒళ్లు ఊరుకోదు. మిగిలిన కణాలు చుట్టూ చేరి గోడ కడతాయి. క్రిమి లోపల నిద్రపోతుంది. అప్పుడు దగ్గు ఉండదు, ఇతరులకు అంటదు. ఇలాంటి వాళ్లలో ఎక్కువమందికి ఎప్పటికీ జబ్బు రాదు. కానీ గోడ బలహీనపడితే, ఎన్నో ఏళ్ల తరువాత కూడా క్రిమి లేస్తుంది. ముసలితనం, చక్కెర జబ్బు ఆ గోడను బలహీనం చేస్తాయి. చక్కెర జబ్బు మన ఇళ్లలో ఎంత ఉందో మీకే తెలుసు.

ఈ నెల మీకు ఒక పని. అవ్వ దగ్గరో, తాత దగ్గరో కూర్చుని తెలుగులోనే అడగండి: ‘అవ్వా, మీ చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా?’ వచ్చిందంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. దగ్గు మూడు వారాలు దాటినా, రాత్రిళ్లు చెమటలు పట్టినా, మనిషి చిక్కిపోతున్నా ఆలస్యం చేయకండి. ఇప్పుడు మంచి మందులు ఉన్నాయి. నెలల తరబడి వాడాలి, సగంలో మానకూడదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కొత్త మాటలు
చిక్కిపోవడం: బాగా సన్నబడిపోవడం
కాపురం పెట్టడం: ఒకచోట ఇల్లు చేసుకుని ఉండిపోవడం
కాపలా కాయడం: దొంగలు రాకుండా చూసుకోవడం
అంటడం: ఒకరి జబ్బు ఇంకొకరికి రావడం