సీజిన్‌కోట్ రాతిమేడ

రాజుల చరిత్రము శాసనములయందు నిలుచును. వర్తకుల చరిత్రము వారు కట్టించిన మేడలయందు నిలుచును. ఇంగ్లండునందు గ్లాస్టర్‌షైరు మండలమున, మోర్టన్-ఇన్-మార్ష్ అను చిన్న పట్టణమునకు సమీపముననున్న సీజిన్‌కోట్ భవన మట్టిది. చుట్టునున్న పల్లెలలో కాట్స్‌వోల్డు కొండల పసుపువన్నె సున్నపురాతితో కట్టిన ఏటవాలు కప్పుల యిండ్లు కానవచ్చును. వాని నడుమ నిలిచిన యీ రాతిమేడపై రాగిరేకు తొడిగిన ఉల్లిగడ్డ యాకారపు గుమ్మటము, మూలలయందు ఛత్రీలు, గోడలకు నీడనిచ్చు వెడల్పైన చూరు, నెమలిపురివలె విచ్చుకొన్న కమానుల కిటికీలు కలవు. అది ఆగ్రానుండి తరలివచ్చిన మేడయేమో యని చూపరులు భ్రమపడుదురు.

కల్నల్ జాన్ కాకరెల్ 1795లో ఈ యెస్టేటును కొనెను. ఆయన 1798లో మరణింపగా అది సోదరుడగు చార్లెసునకు సంక్రమించెను. చార్లెసు వంగదేశమున ఈస్టిండియా కంపెనీ కొలువు చేసి, కలకత్తా ఏజెన్సీ వర్తకమున ధనవంతుడైనవాడు. మరియొక సోదరుడు, వాస్తుశిల్పి శామ్యూల్ పెపీస్ కాకరెల్, 1805 ప్రాంతమున ఈ మేడను నిర్మించెను. భారతదేశమున నెన్నడు నడుగిడని యాయనకు దారి చూపినవాడు చిత్రకారుడు థామస్ డేనియల్. డేనియల్ తన సోదరపుత్రుడు విలియముతో మన దేశమున ఏండ్ల తరబడి సంచరించి, కోటలను, గుడులను, మసీదులను చిత్రించి, 144 చిత్రములను ప్రకటించెను. తోటలోని సూర్యమందిరము, నందులు కూర్చున్న వంతెన ఆయన కల్పనలే. 1807లో వేల్సు యువరాజు ఈ మేడను దర్శించెను. తరువాత బ్రైటన్‌నందు ఆయన కట్టించుకొన్న గుమ్మటముల భవనమునందు దీని ఛాయ కలదు.

అయితే వాకిలి దాటి లోన నడుగిడినచో హిందూస్థానము మాయమగును. ముఖ్యమైన గదులన్నియు గ్రీకు, రోమను సంప్రదాయమునవే. పైతొడుగు మనది, లోని బ్రదుకు వారిది.

ఈ రాయి ఎచ్చటి ధనముతో లేచెనో విచారింపవలెను. వంగదేశమున గడించిన రూపాయలను లండనుకు చేర్చుట నాడు సులభము కాదు. కంపెనీ యుద్యోగులు తమ సొమ్మును ఏజెన్సీ సంస్థలలో దాచెడివారు. ఆ సంస్థలు నీలిమందునకు, నల్లమందునకు, ఓడ బేరములకు మదుపు పెట్టెడివి. పిమ్మట లండనుమీద చెల్లు హుండీల రూపమున ధనము సముద్రము దాటెడిది. నీలి పండించిన రైతు చెమట ఈ విధముగా నెన్నియో ఇంగ్లీషు పల్లెలలో గోడలై నిలిచినది.

ఆ కాలముననే ఇచ్చట జరిగిన దానిని గమనింతము. 1803లో కలకత్తాలో పూర్తియైన గవర్నర్ జనరల్ భవనమునకు డెర్బీషైరునందలి కెడిల్‌స్టన్ మేడ మాదిరి. హైదరాబాదున కోఠీ రెసిడెన్సీ కొరింథియను స్తంభములతో లేచినదియు ఆ దశాబ్దముననే. అనగా ఏలుటకు వచ్చినచోట ఇంగ్లీషువారు తమ వేషమునే ధరించిరి. విశ్రాంతికై మరలినచోట మన వేషమును వినోదార్థము ధరించిరి. మన శిల్పము వారికి ఉద్యానవన శోభ; వారి శిల్పము మనకు అధికారముద్ర.

ఇది మన కళయెడ వారికిగల గౌరవమునకు గుర్తు కాదా యని కొంద రడుగవచ్చును. డేనియల్ కుంచెలోని శ్రద్ధను మేము కాదనము. కాని గౌరవము వేరు, ఋణము వేరు. కాకరెల్ పేరు గ్రంథములలో నున్నది; ఆ ఛత్రీలకు, ఆ చూరులకు మూలరూపములు కల్పించిన మన శిల్పులలో ఎందరి పేర్లు ఎవరికి తెలియును?

ఇంగ్లండునందు నేషనల్ ట్రస్టు సంస్థ 2020లో తన యధీనముననున్న 93 స్థలములకు వలసపాలనతోను బానిసవర్తకముతోను గల సంబంధమును ప్రకటింపగా, ఇది పూర్వులను దూషించుటయేయని అచ్చట పెద్ద గగ్గోలు పుట్టినది. సీజిన్‌కోట్ ఆ సంస్థది కాదు, స్వంతదారులది. అయినను న్యాయ మొక్కటియే. లెక్క చెప్పుట దూషణ కాదు. మేడను కూల్చుమని మేము కోరము. దాని కథను సగము చెప్పి ఊరకుండవలదని మాత్రమే కోరుదుము. ఇతర మేడలు దాచుకొన్న దానిని ఈ మేడ తన గుమ్మటముపైననే చాటుచున్నది. అందువలన అది రక్షింపదగినది.

పరుల గోడలను లెక్క యడుగువారు తమ గోడలను మరువరాదు. మన పల్లెలలోని గడీలకు రాళ్లు మోసిన వెట్టివారి పేర్లు ఏ ఫలకముపైన చెక్కబడినవి? ఆ ప్రశ్నకు మన మీయగల సమాధానమే, ఇంగ్లండును ప్రశ్నించుటకు మనకుగల యోగ్యత.