బొంతకి మన హాస్టల్లో చోటు కావాలి



ఈసారి "నా అభిప్రాయం" శీర్షికకి నన్ను రాయమని ఎడిటర్ అక్క చెప్పింది. పరిశుభ్రత, క్రమశిక్షణ, చెట్ల పెంపకం అన్నీ అందరూ రాసేశారు. నేను బొంత గురించి రాస్తున్నాను. నవ్వండి గానీ చివరిదాకా చదివి నవ్వండి.

మన భాషలో ఏదైనా సరిగ్గా కుదరకపోతే "అతుకుల బొంత" అంటారు. నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పేపర్లో కూడా అలాగే రాస్తారు. ఆ మాట రాసేవాళ్ళు ఎప్పుడైనా బొంత కుట్టారా అని నా అనుమానం. కుట్టి ఉంటే దాన్ని తిట్టుగా వాడరు. అతకనిది బొంత ఎలా అవుతుంది? అతికితేనే కదా బొంత.

మాది మారేడుమిల్లి పైన కొండల్లో ఊరు. మేము కొండరెడ్లం. మా ఇంట్లో బడి గుమ్మం తొక్కినదాన్ని నేనే మొదలు. మా దగ్గర పుష్యమాసంలో చలి ఇక్కడి చలి లాగా ఉండదు. ఇక్కడ ద్రాక్షారామంలో చలి తెల్లవారుజామున స్నానం దగ్గరే తెలుస్తుంది. అక్కడైతే రాత్రంతా మంట పక్కనే. అందుకని మా ఊళ్ళో పాత గుడ్డ ఏదీ పారెయ్యరు. కింద ఒక పాత చీర, మధ్యలో చిరుగు లుంగీలు పరిచి, పైన ముక్కలతో కుట్టిన పొర వేసి, దబ్బనంతో గళ్ళు గళ్ళుగా కుడుతుంది మా అమ్మ. ఆ ముక్కలు సంతలో టైలరు ఇస్తాడు. జాకెట్టు కోసినప్పుడు చంక దగ్గర, మెడ దగ్గర మిగిలిన ముక్కలు ఎక్కువగా మూడు మూలలవే ఉంటాయి. ఇంకెందుకూ పనికిరావని ఊరికే ఇచ్చేస్తాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి రాయాలి. ఆరో తరగతిలో చేరినప్పుడు అమ్మ నాకు అలాంటి బొంత ఒకటి కట్టి పంపింది. మొదటి రోజే పక్క మంచం అమ్మాయి "ఇదేంటి?" అని అడిగింది. సిగ్గేసి "కాళ్ళు తుడుచుకునే గుడ్డ" అన్నాను. అన్నాక నిజం చెయ్యాలి కదా, గుమ్మం దగ్గర పరిచాను. నెల తర్వాత తల్లిదండ్రుల ఆదివారం నాడు అమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. దాన్ని తొక్కకుండా, పాదం ఎత్తి దాటి లోపలికి వచ్చింది. "అన్నం బాగా పెడుతున్నారా?" అని అడిగింది. బొంత మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

ఈ సంవత్సరం క్రాఫ్టు పీరియడ్‌లో టీచరు గారు ఒక పుస్తకం తెచ్చారు. అందులో త్రికోణాలు కలిపి గాలిచక్రం లాగా కుట్టిన చదరం బొమ్మ ఉంది, కింద "ప్యాచ్ వర్క్" అని రాసి ఉంది. అందరూ "అబ్బ, ఎంత బాగుందో" అన్నారు. నాకు మాట రాలేదు. అది మా ఇంటి బొంతే! పుస్తకంలో ఉంటే ప్యాచ్ వర్క్, మా ట్రంకుపెట్టెలో ఉంటే చింకి బొంత.

సరే, నాకు ముందే వచ్చు కదా అని గబగబా కుట్టాను, చెడగొట్టాను. 4 అంగుళాల చదరాల్ని మూల నుంచి మూలకి కోసి త్రికోణాలు చేశాను. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం 5.66 అంగుళాలు రావాలి. కుట్టాక కొలిస్తే 6 దాటింది! చదరం బల్ల మీద పరుచుకోలేదు, మధ్యలో బూరె లాగా ఉబ్బింది. లెక్క తప్పేమో అని మూడుసార్లు చేశాను. లెక్క తప్పు కాదు.

సెలవులకి ఇంటికెళ్ళి అమ్మకి చూపించాను. వేలితో ఇలా నొక్కి, "ముందు కొయ్యకే, కుట్టి కొయ్యి. ఏటవాలుగా కోసిన గుడ్డకి పట్టుండదు, లాగితే అలుగుద్ది" అంది. అప్పుడు అర్థమైంది. గుడ్డలో పడుగు దారాలు నిలువుగా, పేక దారాలు అడ్డంగా ఉంటాయి. ఆ రెండు వైపులా లాగితే దారం ఆపుతుంది. కర్ణం వెంట ఆపడానికి దారమే లేదు, అందుకే సాగుతుంది. ఇది నాకు లెక్కల పుస్తకంలో కనపడలేదు. వేలిముద్ర వేసే మా అమ్మకి తెలుసు.

అమ్మ చెప్పిన పద్ధతి మీరూ చేసి చూడండి. 5 అంగుళాల చదరాలు రెండు రంగులవి తీసుకొని, మంచివైపులు లోపలికి వచ్చేలా ఒకదాని మీద ఒకటి పెట్టాలి. సబ్బుముక్కతో మూల నుంచి మూలకి గీత గీయాలి. గీతకి అటు పావు అంగుళం, ఇటు పావు అంగుళం దూరంలో కుట్టు వెయ్యాలి. అప్పుడు గీత మీద కొయ్యాలి. విప్పితే రెండు చదరాలు వస్తాయి, ఒక్కోదానిలో రెండు రంగుల త్రికోణాలు. అలాంటివి నాలుగు తిప్పి తిప్పి కలిపితే తాటాకు గాలిచక్రం తయారు. టైలరు ముక్కలు ఎలాగూ కోసేసి ఉంటాయి కాబట్టి, వాటి ఏటవాలు అంచు ఎప్పుడూ లోపలికే పెట్టి ఇంకోదానితో కలపాలి. నిలువు దారం ఉన్న అంచు బయటికి రావాలి. అంతే, ఉబ్బదు.

ఇక అసలు అభిప్రాయానికి వస్తాను. జూన్‌లో పెట్టెలు తనిఖీ చేసినప్పుడు ఇంటి బొంతలు ఉంచకూడదు, నల్లులు వస్తాయి అని వెనక్కి పంపించేశారు. ఐదో తరగతిలో కొత్తగా చేరిన ఒక పాప (పేరు రాయను) దగ్గర వాళ్ళమ్మ చీరతో కుట్టిన చిన్న బొంత ఉండేది. అదీ వెళ్ళిపోయింది. ఆ పాప ఇప్పటికీ రాత్రి దుప్పటి నోట్లో కుక్కుకొని ఏడుస్తుంది. మా గదికి వినపడుతుంది. గవర్నమెంటు ఇచ్చిన దుప్పటి మంచిదే, నేను కాదనను. కానీ దానికి వాళ్ళమ్మ వాసన ఉండదు కదా.

మేడం గారి మాట అబద్ధం కాదు. నేను ఏడో తరగతిలో ఉండగా నల్లులు పట్టి రెండు వారాలు ఎవరికీ నిద్ర లేదు. నల్లులు కుట్ల సందుల్లో దాక్కుంటాయి, నిజమే. కానీ మంచాల పగుళ్ళలోనూ, ట్రంకుపెట్టెల మూలల్లోనూ దాక్కుంటాయి. మంచాల్ని మనం ఇంటికి పంపలేదు. మరుగుతున్న నీళ్ళు పోసి ఎండలో వేశాం. ఇంకో చిక్కు కూడా ఉంది, అది కూడా నేనే చెప్తాను. మా కొండ బొంత ఐదారు పొరలు ఉంటుంది. ఈ కోనసీమ వర్షాల్లో అది ఉతికితే వారం ఆరదు, ముక్క వాసన వస్తుంది. కాబట్టి ఇక్కడ రెండు పొరలే వెయ్యాలి. ఇక్కడి చలికి అది చాలు.

ధనుర్మాసంలో మన గేటు ముందుకి గంగిరెద్దు వస్తుంది కదా. దాని వీపు నిండా రంగురంగుల బొంతలే. ఊళ్ళో వాళ్ళు పాత చీరలు ఇచ్చి దాని మీద కప్పి దణ్ణం పెడతారు. మనమందరం కిటికీలెక్కి "ఎంత అందంగా ఉందో" అంటాం. ఎద్దు మీద అందమైనది మా మంచం మీద అసహ్యం ఎందుకయింది?

సోషల్ టీచరు గారిని అడిగితే చాలా సంగతులు చెప్పారు. బుద్ధుడు మగధలో గట్లతో ఉన్న వరిచేలు చూసి, భిక్షువుల వస్త్రం అలా ముక్కలు కలిపి కుట్టమని ఆనందుడితో చెప్పాడట. మన మేడ ఎక్కి చూడండి, చుట్టూ అదే కనపడుతుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా వాళ్ళు. 2003లో వాళ్ళని షెడ్యూల్డ్ తెగల్లో చేర్చారు. వాళ్ళ ఆడవాళ్ళు బొంతని ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. నాలుగు మూలలా మడిచిన త్రికోణం ముక్కలు పెట్టి వాటిని పువ్వులంటారు. పువ్వులు లేని బొంత వాళ్ళ లెక్కలో పూర్తయినట్టు కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడ పత్తి చేలలో బానిసలుగా పని చేసినవాళ్ళ సంతతి ఆడవాళ్ళు చిరిగిన పనిబట్టలతో కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడకి వేలాడదీశారు. 2006లో వాటి బొమ్మలతో పోస్టల్ స్టాంపులు కూడా వేశారు.

అమెరికా వాళ్ళు గోడకి పెట్టారు కాబట్టి బొంత గొప్పది అని నేను అనట్లేదు. ఆ సంగతి మా అమ్మకి చెప్తే "గోడకి చలేసిందా?" అంది.

మేడం గారికి నా మనవి. ఇంటి బొంత ఉన్నవాళ్ళని ఒక్కటి ఉంచుకోనివ్వండి. తెచ్చిన రోజే వేడినీళ్ళలో నానబెట్టి ఉతుకుతాం, ప్రతి ఆదివారం ఎండలో వేస్తాం, తనిఖీ మీరే చెయ్యండి. నల్లి ఒక్కటి కనపడినా మేమే వెనక్కి పంపేస్తాం. ఇంకొకటి, మనం ఏడాది చివర చిరిగిన యూనిఫారాలు గచ్చు తుడవడానికి వేసేస్తున్నాం. వాటిని శనివారం క్రాఫ్టు పీరియడ్‌కి ఇప్పించండి. రుమాళ్ళ మీద గులాబీలు కుట్టడం అందరికీ వచ్చేసింది, కొన్నాళ్ళు ఆపుదాం. ఒక్కో గాలిచక్రం 8 అంగుళాల పైన వస్తుంది. అడ్డం 6, నిలువు 8 పెడితే 48 కావాలి. అది చిన్నపిల్ల పడుకుంటే కాళ్ళు బయటికి రావు. తొమ్మిది, పది తరగతుల వాళ్ళం తలా ఒకటి కుడితే నెలలో అవుతుంది. మొదటిది ఆ ఐదో తరగతి పాపకి. వాళ్ళమ్మ చీర వాసన రాదు, తెలుసు. కానీ ఆ పాప మంచం మీద పరిచేటప్పుడు ఎవరైనా "ఇదేంటి?" అని అడిగితే నేను చెప్తాను.

అమ్మ కుట్టిన నా బొంత పోయిన సెలవుల్లో ఇంట్లో కనపడింది. గుమ్మం మరకలు పోలేదు. అమ్మ వాటి మీద నాలుగు కొత్త ముక్కలు వేసింది, మూడు మూలలవి.

ఆదివారం టిఫిను అయ్యాక బావి పక్క వరండాలో మొదలుపెడదాం. పెద్ద కత్తెర క్రాఫ్టు టీచరు గారు ఇస్తామన్నారు. నా దగ్గర సూదులు రెండే ఉన్నాయి. ఎవరి సూది వాళ్ళు తెచ్చుకోండి. సబ్బుముక్క కూడా, బట్టలది, ఎండిపోయినది.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, మూడవ గది