పేరిందేవిని ఎవరడిగారు?

చేబదులు దగ్గర మాటా మాటా పెరిగి మా ఆయనా, అన్నయ్యా మాట్లాడుకోవడం మానేశారు. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో, వాళ్లు ఎల్బీనగర్‌లో. మెట్రోలో మూడో స్టేషనే! అయినా వెళ్లొస్తానంటే ఈయన “పరువు” అంటారు.

బీఏలో పల్నాటి కథ చదివినప్పుడు, బాలచంద్రుణ్ణి యుద్ధానికి పంపిన మాంచాలను మెచ్చుకున్నాం. ఇప్పుడు నలగామరాజు కూతురు పేరిందేవే గుర్తొస్తోంది. మలిదేవుల తరఫున రాయబారం వెళ్లిన ఆమె భర్త అలరాజుకు పుట్టింటి పక్షంవాళ్లే విషం పెట్టించారంటుంది కథ. ఆమె సహగమనం చేసింది. ఆ తర్వాతే 12వ శతాబ్దపు కారంపూడి యుద్ధం, సవతి అన్నదమ్ముల మధ్య.

పరువు రెండిళ్లదీ, నష్టం ఆడపిల్లదీనా? నేనొప్పుకోను. బ్రహ్మనాయుడి చాపకూడూ పల్నాటిదే కదా! ఈ ఆదివారం ఇద్దరికీ ఒకే చాప మీద వడ్డిస్తాను. రానన్నవాళ్లకు ఆ పూట వంట లేదు.