వివరణమును సరిచూచుట చిన్నపనియా?

కంప్యూటరు ప్రోగ్రాములందలి దోషములను వెదకి హెచ్చరించుటకు వేఱు ప్రోగ్రాములు కలవు. మైక్రోసాఫ్టు వారి డాట్‌నెట్ నందు ఇట్టి పరీక్షా నియమము లనేకములు. ఒక్కొక్క నియమమునకు నొక వివరణ పత్రముండును: హెచ్చరికకుఁ గారణమేమి, దిద్దుట యెట్లు, దాని నెప్పుడు విడువవచ్చును అను నంశము లందుఁ గానవచ్చును. ఈ పత్రములకు నెవరైనను సవరణము పంపవచ్చును. మఱియొకరు పరిశీలించిన పిమ్మటనే యది చేరును.

ఈ పరిశీలనము అక్షరదోషములు దిద్దు పనియేయని కొంద ఱందురు. నే నట్లు తలంపను. సీఏ 2100 అను నియమమును జూడుఁడు. పరులు టైపుచేసిన మాటలను డేటాబేసు ప్రశ్నలో నట్లే చేర్చినచో, దుర్మార్గుఁడు తన యాజ్ఞలను జొప్పింపఁగలఁడని యది హెచ్చరించును. అట్టి మాటలు చేరనప్పుడే హెచ్చరికను విడువవచ్చును. దీనిని మన భాషలో వ్రాసి చూడుఁడు: “చేరనప్పుడు” అనుదానికి ఒక్క గుడి యెక్కినచో “చేరినప్పుడు” అగును, కావలి వాఁడే దొంగకుఁ దలుపు తీసినట్లగును. ప్రోగ్రాము మాత్రము యథాప్రకారము నడచుచునే యుండును. ఏ గంటయు మ్రోగదు.

కావున పరిశీలకుఁడు వాక్యమును నియమపు మూలముతోఁ బోల్చి, ఉదాహరణమును స్వయముగ నడిపి చూచి, పిమ్మటనే సమ్మతింపవలెను. విద్యార్థులారా! తోడివాని వ్రాఁతను సరిచూచునపు డెల్ల, దానిని నమ్మి నడుచుకొను నెఱుఁగని పాఠకుని మఱవకుఁడు.